అచల

2024 డిసెంబరు 4, ఉదయం ఏడున్నర కావస్తోంది. హనుమకొండలో మా ఇంట్లో అమ్మ పొయ్యి మీద పాలు పెట్టింది. ఆమె మంచానికి పైనున్న అటక మీద ఇత్తడి బిందెలు గలగలమన్నాయి. పిల్లి దూకిందనుకున్నాను. ములుగు అడవుల్లో 5.3 తీవ్రతతో భూకంపమని టీవీలో వచ్చేదాకా, అమ్మ తనకే కళ్లు తిరిగాయనుకుంది. కాళ్ల కింది నేల కన్నా తన ఒంటి మీదే ఆమెకు ముందు అనుమానం వచ్చింది.

భూమికి అచల అని పేరు, స్థిర అని పేరు. ఓర్పుకైనా మనం చెప్పుకునేది భూదేవినే. ఆ రోజంతా నాకు కిల్లారి గుర్తొస్తూనే ఉంది.

కిల్లారి మహారాష్ట్రలో, లాతూర్ జిల్లా ఊరు. దక్కను నల్లరాతి నేల. భూకంపాల పటంలో అప్పటికి అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న ప్రాంతం. 1993 సెప్టెంబరు 29న వినాయకుణ్ణి నిమజ్జనం చేసి, అలసి పడుకున్నారు. తెల్లవారుజామున 3.56కి భూమి కంపించింది. తీవ్రత 6.2. చుట్టుపక్కల ఊళ్లతో కలిపి దాదాపు 10 వేల మంది పోయారు.

చంపింది గోడలే. బండరాళ్లను మట్టితో పేర్చి రెండు మూడడుగుల మందాన కట్టినవి. పైన దూలాల మీద, ఎండ దిగకుండా మందంగా పరిచిన మట్టి. గుడిసెల్లో పడుకున్నవాళ్లు చాలామంది బతికారు. దీన్ని విధి ఆడిన ఆట అనడం నాకు నచ్చదు. ఆ గోడలు కట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఎండ, వాన, దొంగలు... తమకు తెలిసిన భయాలన్నిటికీ అడ్డంగా కట్టుకున్నారు. అంతకు ముందటేడు, 1992లో, అక్కడ చిన్న చిన్న ప్రకంపనలు వచ్చి ఆగిపోయాయి. ఆగిపోయాక ఎవరైనా ఏం చేస్తారు? మళ్లీ ఇంట్లోకే వెళ్లి పడుకుంటారు.

మన దేశాన్ని మోస్తున్న భూఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ హిమాలయాలను నెడుతోంది. ఆ ఒత్తిడి ఇక్కడి పాత పగుళ్లనూ తాకుతుంది. కానీ ఇక్కడ అది పోగుపడటానికి వందలు, వేల ఏళ్లు పట్టవచ్చు. అన్నేళ్ల కిందటి సంగతి చెప్పడానికి ఏ తాత మిగులుతాడు? అంతదాకా ఎందుకు, 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం గురించి మా వీధిలో అడిగితే, ఒక్క ముసలాయనకే లీలగా గుర్తుంది. మనకు గుర్తులేనిదాన్ని జరగనిదానిగా లెక్కేసుకుని, దాని మీద పునాదులు తీస్తున్నాం.

ఆ రాత్రి అటక ఖాళీ చేద్దామన్నాను.

"మీ నాయనమ్మ ఉన్నప్పటి సంది అక్కడ్నే ఉన్నయి గద బిడ్డా. ఎన్నడన్న పడ్డయా?" అంది అమ్మ.

స్టూలు వేసుకుని ఎక్కాను. ఒక్కొక్కటే కిందికి అందిస్తుంటే ఆమే అందుకుని గోడ వారగా పెట్టింది. చివరి గుండిగ చాలా బరువు. పక్కింటబ్బాయిని పిలిచి దించాం.