పరాకున వచ్చిన చిల్లర



ఒకనాడు కాప్రాలో 40 రూపాయల కూరగాయలు కొని 100 రూపాయల నోటు ఇచ్చితిని. అమ్మునామె ఏడ్చుచున్న బిడ్డను సముదాయించుచు, 500 నోటని తలంచి 460 రూపాయలు నా చేతిలో పెట్టెను. ఎరిగియు ఊరకుంటిని. చెరువు వరకు నడచుచు, “ఇది నా యక్కరకు దేవుడు పంపిన సహాయము” అనుకొంటిని. ఒక తల్లి కష్టార్జితమునకు దీవెన అని పేరు పెట్టితిని!

“నేను దొంగిలించలేదే, ఆమెయే ఇచ్చెను గదా” అందురా? పొరపాటు ఆమెదే, ఎరిగి మౌనముగా నుండుట నాది. తప్పిపోయిన ఎద్దును చూచి చూడనట్లు పోరాదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. అది తానే మన దొడ్డిలోనికి వచ్చినను మనది కాదు. దొరికిన సొమ్మును గూర్చి బొంకినవాడు దానికి అయిదవ వంతు కలిపి ఇయ్యవలెనని లేవీయకాండము 6వ అధ్యాయము చెప్పుచున్నది. మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టము 72వ సెక్షను సయితము పొరపాటున వచ్చిన సొమ్ము తిరిగి ఇచ్చివేయవలెననుచున్నది. ప్రభువు బిడ్డలము అంతకు తక్కువ చేయుదుమా?

వెనుకకు పోయితిని. ఆమె తన డబ్బు మరల మరల లెక్కించుకొనుచుండెను. 400కు 80 కలిపి ఇచ్చితిని. ఆమె ఆ 80 నా చేతిలోనే పెట్టి, “నా పైసలు నాకొస్తే చాలు సారూ” అనెను. బోధకుడనైన నేను ఆనాడు ఆమెయొద్ద నేర్చుకొంటిని.

ఫోనులో పొరపాటున వచ్చు సొమ్మునకును ఇదియే నియమము. ఎవరి సొమ్మైనను మనయొద్ద నిలిచియున్నదేమో, ఈ రాత్రి ప్రార్థనకు ముందు వెదకి చూచుకొందము.