నొప్పి యెవరిదో మాట వారిదే



జ్వరమును చూచుటకు థర్మామీటరు కలదు. నాడిని వ్రేళ్లతో పట్టి లెక్కింపవచ్చును. నొప్పిని కొలుచు పనిముట్టు మాత్రము లేదు. అట్లయిన ఒకరి నొప్పి యెంతయో మరియొకరు ఎట్లు తెలిసికొందురు? ఈ ప్రశ్న నర్సులకే గాక మనకందరికిని కలదు.

మా సంఘములోని ఒక వృద్ధురాలికి తుంటి యెముక విరుగగా పట్టణపు ఆసుపత్రిలో ఆపరేషను జరిగెను. మరునాడు మేము చూడబోతిమి. ఆమె గోడవైపు ముఖము త్రిప్పుకొని మౌనముగా ఉండెను. "ఎంత ఓర్పు! యోబు భక్తునివలె సహించుచున్నది" అని ప్రక్క మంచములవారు వినునట్లు మెచ్చుకొంటిమి.

అంతలో నర్సు వచ్చెను. ముడుతపడిన నుదుటిని, మంచపు కమ్మిని బిగబట్టిన పిడికిలిని, ముట్టని గంజిని చూచెను. "అవ్వా, నొప్పి ఎట్లా ఉంది?" అని అడిగెను. ఆమె మా వంక చూచి, "కొంచెమేనమ్మా" అనెను. నర్సు మమ్మును కొంతసేపు వెలుపల ఉండుమని కోరి, మరల అడిగెను.

"ఓర్చుకోలేని నొప్పి ఒక రూపాయి అనుకో అవ్వా. నీకు పావలా ఉందా, అర్ధరూపాయి ఉందా?"

"పదహారణాలూ ఉందమ్మా. అయ్యగారు అంతగా మెచ్చుకున్నాక నొప్పి అని ఎట్లా చెప్పను?"

ఆ మాట తలుపు వెలుపల మాకు వినబడెను. మేము సిగ్గుపడితిమి.

నర్సు వైద్యునికి తెలిపి, ఆయన చెప్పిన మందిచ్చి, కొంత సేపటికి మరల వచ్చి అడిగెను. "ఇప్పుడు పావలా" అని అవ్వ నవ్వెను. ఇంటివద్ద గేదెకు మేత వేయువారు లేరన్న చింత అప్పుడు బయటపడెను. ఆ చింతను తీర్చుట మా చేతనైన పని.

రోగి చెప్పిన మాటయే నొప్పికి ముఖ్య సాక్ష్యమని 1968లో అమెరికా దేశపు నర్సు మార్గో మెకాఫరీ బోధించెను. ఇంగ్లాండులో మొదట నర్సుగాను పిమ్మట వైద్యురాలుగాను పనిచేసిన సిసిలీ సాండర్స్, 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరచెను. మరణమునకు సమీపించినవారి నొప్పిలో దేహబాధతోపాటు మనోవ్యధ, కుటుంబ చింత, ఆత్మవేదన కలిసియుండునని ఆమె చూపెను.

"అబద్ధమాడువారిని నమ్మి మోసపోమా?" అని కొందరందురు. మంచి నర్సు మాటను వినుటయే గాక ముఖమును, నిద్రను, ఆహారమును కనిపెట్టును. మాటరాని పసివారి విషయములో ఆ గురుతులే ఆమెకు ఆధారము. అయినను నమ్మి ఒకసారి మోసపోవుట చిన్న నష్టము. నమ్మక ఒకరిని నొప్పిలో ఒంటరిగా విడుచుట పెద్ద తప్పిదము.

మందిరములో హన్నా పెదవులు మాత్రమే కదలుట చూచి, ఆమె త్రాగియున్నదని ఏలీ తలంచెను (1 సమూయేలు 1వ అధ్యాయము). ఆయన కన్ను పొరబడెను. కాని ఆమె తన దుఃఖమును చెప్పగా విని, తన తలంపు మార్చుకొని, ఆమెను సమాధానముతో పంపెను. మేమును ఏలీవలె పొరబడితిమి. ఆయనవలె వినుటయు నేర్చుకొనవలెను.

ఓర్పు రోగి తనంతట తాను అర్పించు కానుక. దానిని మనము ముందుగా వసూలు చేసినయెడల, నొప్పి చెప్పుకొను నోటిని మూసినవారమగుదుము. కాబట్టి రోగిని చూడబోయినప్పుడు, మెచ్చుకొనుటకు ముందు, బోధించుటకు ముందు, ఎట్లున్నదని అడిగి, జవాబు వచ్చువరకు ప్రక్కన కూర్చుందము.