కుక్కతో దాగుడుమూతలు

కుక్కను మోసం చేస్తే పాపమా? నవ్వకండి, ఊరికే అడగడం లేదు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలాక, శిథిలాల్లో మనుషుల్ని వాసన పట్టి వెతకడానికి వందలాది కుక్కల్ని దించారు. ఈ కుక్కలకు చదువంతా ఆటే. ఒకరు ఎక్కడో దాక్కుంటారు. కుక్క గాలిలో మనిషి వాసన పట్టుకుంటూ వెళ్ళి మొరుగుతుంది. వెంటనే ఆడుకోవడానికి బొమ్మో, ఓ మెచ్చుకోలో దక్కుతుంది. మనిషి దొరకడమే దానికి పండగ. అక్కడేమో మర్నాటి తర్వాత ప్రాణంతో ఒక్కరూ దొరకలేదు. రోజుల తరబడి వెతికి వెతికి కుక్కలు డీలా పడిపోయాయి. అప్పుడు వాటి శిక్షకులు ఏం చేశారంటే, ఎవరో ఒకరిని అక్కడే దాచి, కుక్కను పంపేవారు. అది వెతికి పట్టుకునేది, తోక ఆడించేది, మళ్ళీ పనిలోకి దిగేది.

అబద్ధమే అంటారా? నేనొప్పుకోను. వంట చెడినా బాగుందనడం అబద్ధం (మావారు దాన్ని మానకూడదనే నా కోరిక, అది వేరే సంగతి). ఇక్కడ కుక్క నిజంగానే వెతికింది, నిజంగానే మనిషిని పట్టింది. పసివాడు తలుపు చాటున అమ్మను కనిపెట్టి కేరింతలు కొడితే, ఆ సంతోషంలో కల్తీ ఏముంది చెప్పండి?

నా బెంగ కుక్క గురించి కాదు. దాని పక్కన నడిచే మనిషికి అంతా తెలుసు కదా! ఇంటికి కష్టమొచ్చినప్పుడు అందరికీ ధైర్యం చెప్పే ఇల్లాలికి తెలిసినట్టే. ఆ మనిషి కోసం దాక్కునేదెవరు? బహుశా కుక్క తోక ఆడించిన ఆ కాసేపూ తనూ నమ్మేసేవారేమో.