ముందు పట్టుకో, తర్వాతే వదులు



ఒకప్పుడు కర్నూలు జిల్లాలో, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్న అహోబిలం మనకు కొత్తది కాదు. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహస్వామి గుహకు నడిచినవాళ్లు ఆ దారిని మరచిపోరు. ఒక పక్క నిట్టనిలువు కొండ, మరో పక్క లోయ, చేతికి ఆసరాగా ఇనుప కడ్డీ. అవ్వ పట్టుకున్న కడ్డీనే వెనకొచ్చే మనవడూ పట్టుకుంటాడు.

ఇటలీలోని డోలమైట్ కొండల్లో ఇలాంటి మార్గాలను ‘ఇనుప దారులు’ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం వేసిన నిచ్చెనలు, తాళ్ల దారుల్లో కొన్నింటిని ఇప్పుడు విహారయాత్రికులు ఎక్కుతున్నారు. నడుము పట్టీకి ఉన్న రెండు కొక్కేలను రాతికి బిగించిన ఉక్కు తాడుకు తగిలించుకుంటారు. దారిలో మేకు అడ్డొస్తే ఒక కొక్కెం తీసి అవతల తగిలిస్తారు. ఆ తర్వాతే రెండోది తీస్తారు. రెండూ ఒకేసారి ఎన్నడూ తీయరు.

ఈ నియమం మన సీమ రైతుకు ఎప్పుడో తెలుసు. వేరుశనగ చేలో కంది సాళ్లు వేసేది అందుకే. వాన మొహం చాటేసి ఒకటి ఎండినా, రెండోది ఆదుకుంటుందని ఆశ.

బతుకులో ఏ మలుపు తిరిగేటప్పుడైనా ఒక చేతి పట్టు నిలుపుకుందాం. మనం దాటిన చోట, వెనకొచ్చేవాళ్ల కోసం ఒక కడ్డీ నాటి వెళదాం.