ఇల్లు కొన్నాం... పాత యజమానితో ఎలా మెలగాలి?



మనలో చాలామంది ఇల్లు కొనేది జీవితంలో ఒక్కసారే. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు, ఇల్లాలి నగలు, బంధువుల దగ్గర తెచ్చిన చేబదులు అన్నీ కలిస్తే గాని ఒక గడప మనదవదు. అంత కష్టపడి కొన్న ఇంట్లో మొదటి రోజు నుంచే గొడవ మొదలైతే ఆ బాధ చెప్పనలవి కాదు.

కొంతకాలం క్రితం జుమా నమాజు తర్వాత ఒక సోదరుడు మా దగ్గరికి వచ్చారు. "మౌలానా! రిజిస్ట్రేషన్ అయి మూడు నెలలైంది. పైకం మొత్తం ఇచ్చేశాను. అమ్మిన పెద్దాయన ఒక గదికి తాళం వేసుకుని, సామాన్లు వచ్చే వారం తీస్తానంటూనే ఉన్నాడు. చెప్పా పెట్టకుండా వచ్చి కొబ్బరికాయలు దింపించుకుపోతున్నాడు. పాత కరెంటు బిల్లు కట్టలేదు. పైగా ఇల్లు చవగ్గా కొట్టేశానని వీధిలో చెబుతున్నాడు. రేపు తాళం పగలగొట్టి ట్రంకుపెట్టెలు రోడ్డు మీద పడేస్తాను" అన్నారు.

సహనం వహించమని చెప్పి ఆయన్ను పంపించేశాము. తర్వాత ఆలోచిస్తే, మేము చెప్పింది సగం సమాధానమేనని అర్థమైంది. ఎవరి హక్కు ఎంతో చెప్పకుండా సహనం బోధిస్తే, నోరున్నవాడికే అది లాభిస్తుంది.

కొన్నదేమిటి? కొననిదేమిటి?

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. పూర్వం ఒక వ్యక్తి కొన్న భూమిలో బంగారంతో నిండిన కుండ దొరికింది. తాను భూమినే కొన్నానని, బంగారం కొనలేదని అంటూ అతను దాన్ని అమ్మిన వ్యక్తి దగ్గరికి తీసుకెళ్ళాడు. భూమిని అందులో ఉన్నదంతటితో సహా అమ్మేశానని అతను పుచ్చుకోలేదు. ఇద్దరూ ఒక న్యాయనిర్ణేత దగ్గరికి వెళ్ళారు. ఒకరికి కొడుకు, మరొకరికి కూతురు ఉన్నారని తెలుసుకుని, వారిద్దరికీ పెళ్ళి చేసి ఆ బంగారం వారిపై ఖర్చు చేయమని, అందులోంచి దానం కూడా చేయమని ఆయన తీర్పు చెప్పాడు.

ఆ ఇద్దరూ తగవులాడుకున్నది ఎదుటివాడి సొమ్ము తమ ఇంట్లో ఉండకూడదని! మనం తగవులాడుకుంటున్నది దేనికోసమో ఒక్కసారి ఆలోచించుకోవాలి.

ఇల్లు అమ్మితే గోడలు, తలుపులు, తాళంచెవులు, ఇంటికి శాశ్వతంగా బిగించినవన్నీ కొన్నవారివే అవుతాయని ఫిఖ్హ్ పండితులు చెప్పారు. మన దేశంలోని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. వేరే ఒప్పందం లేనప్పుడు, అమ్మిన రోజు వరకు ఉన్న పన్నులు, ప్రభుత్వ బకాయిలు అమ్మినవారే కట్టాలని కూడా ఆ చట్టం చెబుతోంది. కాబట్టి పైకం పుచ్చుకున్నాక గదికి తాళం వేసుకోవడం అధర్మం. అన్యాయంగా జానెడు నేలను ఆక్రమించుకున్నవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఆ హెచ్చరిక గదికీ వర్తిస్తుంది.

అయితే గదిలోని పెట్టెలు, బీరువా కొన్నవారివి కావు. అవి మన దగ్గర అమానతు. వాటిని రోడ్డు మీద పడేస్తే, పోయినదానికీ పాడైనదానికీ అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసింది మనమే. ఆయన పేరిట వచ్చే బ్యాంకు ఉత్తరాలూ అంతే, చించకుండా ఆయనకు అందజేయాలి.

ఇక కొబ్బరికాయల సంగతి. పరాగ సంపర్కం చేసిన ఖర్జూరపు చెట్లను అమ్మినప్పుడు, కొన్నవారు ముందే షరతు పెట్టుకోకపోతే ఆ కాపు అమ్మినవారిదేనని దైవప్రవక్త (సల్లం) ప్రవచించారు (బుఖారీ). అంటే అమ్మకం నాటికి చెట్టుమీదున్న కాయలు ఆ పెద్దాయన అడిగి తీసుకుంటే తప్పుపట్టనక్కర్లేదు. ఆ తర్వాత కాసినవి మాత్రం కొన్నవారివి.

గడప దాటే ముందు

పరాయి ఇళ్ళలోకి సలాం చేసి, అనుమతి పొందిన తర్వాతే వెళ్ళాలని దివ్య ఖుర్‌ఆన్‌లోని నూర్ సూరా ఆదేశిస్తోంది. నిన్నటిదాకా ఆ ఇల్లు మనదే కావచ్చు. ఈ రోజు అది మరొకరి ఆడపిల్లలు తిరిగే చోటు. అమ్మినవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి. కొన్నవారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. ఇష్టంతో ఇల్లు అమ్ముకునేవారు తక్కువ. అప్పో, పెళ్ళో, వైద్యమో వారిచేత అమ్మించి ఉంటుంది. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, తన హక్కు అడిగేటప్పుడు మెతకగా ఉండే వ్యక్తిని అల్లాహ్ కరుణించాలని దైవప్రవక్త (సల్లం) దుఆ చేశారు (బుఖారీ). హక్కు వదులుకోమని కాదు, అడిగే తీరు మృదువుగా ఉండాలని దీని భావం.

తర్వాతి జుమాకు ఆ సోదరుణ్ణి పిలిచి మళ్ళీ మాట్లాడాము. మొహల్లాలోని ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళమన్నాము. గది ఖాళీ చేసే తేదీ, బిల్లు కట్టే తేదీ కాగితం మీద రాసుకోమన్నాము. గడువు పెట్టుకున్న అప్పు లావాదేవీలను రాసుకోమని బఖరా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు కదా! గడువు దాటితే లాయరు ద్వారా నోటీసు పంపమని కూడా చెప్పాము. అన్యాయం చేస్తున్నవాడి చెయ్యి పట్టుకుని ఆపడం కూడా అతనికి సహాయం చేయడమేనని దైవప్రవక్త (సల్లం) బోధించారు. కోర్టుకెళ్ళడం పాపం కాదు, అక్కడ అబద్ధం చెప్పడం పాపం.

నోటీసు దాకా పోలేదు. ఆ పెద్దాయన భార్య చివరి రోజులు ఆ గదిలోనే గడిచాయట. పెట్టెల్లో ఉన్నవి ఆమె బట్టలు. మూడు నెలలుగా ఆయనకు ఆ పెట్టెలు తెరిచే ధైర్యం రాలేదు. ఆ సోదరుడు ఆటో ట్రాలీ మాట్లాడి, తానే స్వయంగా సామాను ఎత్తించారు. బిల్లు మాత్రం పూర్తిగా వసూలు చేసుకున్నారు. రెండూ ధర్మమే.

ఇల్లు కొనబోయే సోదరులకు మా సలహా ఒక్కటే. పూర్తి పైకం ఇచ్చేముందే అన్ని గదులూ తెరిపించి చూడండి. బిల్లులు, చెట్ల కాపు, మిగిలిన సామాను గురించి రాయించుకోండి. అమ్మే సోదరులు ఇంట్లోని లోపాలు దాచకండి. నిజం చెప్పి, లోపాలు వెల్లడిస్తే ఇద్దరి వ్యాపారంలోనూ శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు.

మన ఇళ్ళలోకి పరాయి సొమ్ము గాని, పరాయివారి ఉసురు గాని రాకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.