ఆటలేని మాసములు

ఆట జరుగుచున్నప్పుడు దానిని గూర్చి మాటలాడుటకు పాండిత్యమక్కఱలేదు, స్నేహమును అక్కఱలేదు. ప్రక్కన కూర్చున్నవాని పేరెఱుగకపోయినను, బంతి గీత దాటినంతనే వాని భుజముపై చేయి వేయవచ్చును. కాని ఆట ముగిసి, మైదానముపై మంచు కప్పి, మఱల ఆరంభమగుటకు ఎన్నియో మాసములున్నప్పుడు సైతము దానిని గూర్చియే ముచ్చటించుకొనుచు కలిసి కూర్చుండువారి సంగతి వేఱు. వారిని ఒకచోట చేర్చునది ఆటయే అయినచో, ఆట లేనపుడు ఆ కూటమి విడిపోవలెను గదా! విడిపోవుట లేదు సరికదా, ఆ కాలముననే అది మఱింత చిక్కనగుచున్నది. ఇది ఏల జరుగుచున్నదో ఆలోచించుట నాకు కొంతకాలముగా వ్యసనమైనది.

నేను చెప్పబోవువారు అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తరపు సరిహద్దుననున్న మినసోటా రాష్ట్రమువారు. 1856లో అచ్చటికి వచ్చిన బెనెడిక్టిన్ సన్యాసులు మఱుసటి సంవత్సరమే నెలకొల్పిన విద్యాలయము కాలక్రమమున కాలేజ్‌విల్ అనుచోట, అడవుల నడుమ, సరస్సుల యొడ్డున, సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయముగా వర్ధిల్లినది. పేరునకు విశ్వవిద్యాలయమే గాని అందు చదువుకొనువారు రెండువేలకు మించరు. గట్టులును, గట్టులపై చెట్లును చుట్టుకొనియున్న పల్లమున వారి ఫుట్‌బాల్ ప్రాంగణమున్నది. అందు ఆసనములు సుమారు ఏడున్నర వేలు. విద్యార్థులకంటె ఆసనములు అన్ని రెట్లు ఎక్కువగానుండుటయే ఆ చుట్టుపట్ల జనులకు ఆ జట్టుపైగల మమకారమునకు కొలత. ఈ ఫుట్‌బాల్ మన దేశమున కాలితో తన్ను ఆట కాదు. రెండు కొనలును సూదిగానున్న బంతిని చేతబట్టుకొని, పదునొకండుగురు మఱి పదునొకండుగురను త్రోసికొనుచు, నాలుగు యత్నములలో కనీసము పది గజములు ముందునకు సాగవలెనను నియమముతో ఆడునట్టిది. చూచువారికి మొదట కలహమువలె తోచి, తెలిసినకొలదిని వ్యూహముగా పరిణమించును.

ఈ విద్యాలయపు జట్టు 1973లో ఏర్పడిన డివిజన్ త్రీ అను మూడవ శ్రేణికి చెందినది. ఈ శ్రేణిలో ఆట నిమిత్తమై ఎవరికిని విద్యార్థివేతనమీయరాదు. లక్షమంది పట్టు ప్రాంగణములును, కోట్ల డాలర్ల టెలివిజన్ ఒడంబడికలును, 2021 మొదలుకొని తమ పేరును రూపును వ్యాపారులకిచ్చి ధనమార్జించు తారలును ముఖ్యముగా పెద్ద విశ్వవిద్యాలయముల సొత్తు. ఇచ్చటి కుఱ్ఱవాడు రసాయనశాస్త్రపు పరీక్ష వ్రాసివచ్చి శిరస్త్రాణము ధరించును. నాలుగేండ్లు గడిచిన పిమ్మట ఏ బ్యాంకులోనో బడిలోనో ఉద్యోగము చూచుకొనును. అట్టివానిని అభిమానించుటవలన అభిమానికి ఒనగూడు కీర్తి ఏమియు లేదు. పొరుగు రాష్ట్రమునకు పోయి తన జట్టు పేరు చెప్పినచో వినినవారు అది ఎచ్చటనున్నదని అడుగుదురు. ఫలాపేక్ష లేని కర్మను గూర్చి మనము పురాణకాలక్షేపములలో విన్నంతగా వారు వినియుండకపోవచ్చును. కాని ఇంత చిన్న కళాశాలను ఇంతకాలము ప్రేమించువానికి ఆ సంగతి వేఱుగా బోధింపనక్కఱలేదు.

సెప్టెంబరు మొదట ఆరంభమగు ఆట నవంబరు నడిమికి ముగియును; జాతీయ పోటీలకు అర్హత పొందినవారికి మఱికొన్ని వారములు. ఆ మీదట ఆగస్టు వఱకు శూన్యము. కోతలై, కళ్ళములు ఖాళీయైన పిమ్మట తొలకరి వఱకు మన రైతులు రానున్న వానలను గూర్చియు, పోయిన పంటను గూర్చియు తర్కించుకొనుచు కాలమెట్లు గడుపుదురో, వీరును అట్లే గడుపుదురు. నేను ఉద్యోగరీత్యా ఆ ప్రాంతమున స్థిరపడి, విశ్రాంతి పొందిన తరువాత, ఒక చిన్న ఊరి ఫలహారశాలలో వారి బల్ల చివర నాకును ఒక కుర్చీ దొరకినది. అచ్చటి వార్తలు వినదగినవి. సహాయశిక్షకుడొకడు వేఱొక కళాశాలకు తరలిపోవుచున్నాడట. ఏ పల్లె పాఠశాలనుండియో నిండైన విగ్రహముగల యువకుడు చేరనున్నాడట. చదువు మిగిలియుండగనే కళాశాల మార్చుకొనగోరు ఆటగాండ్ర పేర్లు నమోదగుటకు 2018లో ఏర్పాటైన పట్టికలో మనవాని పేరు కనబడినదట. ఈ ‘అట’లలో సగము నిజము కావు; అయినను ఒక్కొక్కదానిపై అరగంట చర్చ జరుగును.

ఒక్కొక్కప్పుడు ఆట లేని కాలముననే ఆటకంటె పెద్ద వార్త వచ్చును. 1901 నుండి సెయింట్ జాన్స్ జట్టుతో స్పర్ధించుచున్న సెయింట్ థామస్ విశ్వవిద్యాలయమును, అది స్థాపక సభ్యురాలైయున్న మినసోటా కళాశాలల క్రీడాసంఘమునుండి తొలగించుచున్నట్లు 2019 మే నెలలో ప్రకటన వెలువడినది. తక్కిన కళాశాలలు దానితో సరితూగలేకపోవుచున్నవన్నది హేతువు. అంతకు రెండేండ్లు ముందు, 2017లో, ఆ రెండు జట్లును మినియాపోలిస్ నగరమునందలి టార్గెట్ ఫీల్డ్‌లో తలపడినపుడు 37,355 మంది చూడవచ్చిరి. డివిజన్ త్రీ చరిత్రలో అంతకు మున్నెన్నడును అంత జనము చేరలేదు. అట్టి ప్రత్యర్థి 2021లో ఏకముగా మొదటి శ్రేణికి వెడలిపోయెను. ప్రకటన వెలువడిన వేసవిలో ఆ బల్లచుట్టు కనబడిన విషాదము విచిత్రమైనది: ఏటేట ఎవరిని శపించుచు శరదృతువును ప్రారంభించిరో, వారు ఇక రారని తెలిసి వీరు దిగులుపడిరి.

అయితే ఇట్టి మహావార్తలు ఏండ్లకొకసారి వచ్చునవి. తక్కిన కాలమున సంభాషణ మెల్లగా పక్కదారి పట్టును. ఎవరో ఒకరు, బంతినందుకొని దాడిని నడుపు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడు కుఱ్ఱవాని భుజము కుదుటపడినదాయని అడుగుదురు. పడుచున్నదని మఱియొకరు చెప్పుదురు. భుజము మాట వచ్చినది గనుక మూడవవాడు తన భుజము మాట ఎత్తును. రాత్రులందు ఆ ప్రక్కకు ఒత్తిగిల్లలేకున్నాడట. మోకాటి లిగమెంట్ తెగిన ఆటగాడు నవంబరులో శస్త్రచికిత్స చేయించుకొనినచో ఆగస్టునాటికి పరుగెత్తగలడాయని వ్రేళ్ళు మడచి లెక్కించుచున్న పెద్దమనిషి, అదే లెక్కను ఇటీవల తాను పెట్టించుకొన్న కృత్రిమ మోకాటికిని అన్వయించుకొనును. అచ్చటినుండి రక్తపుపోటు, చక్కెర, కంటిలోని శుక్లములు, మూత్రపిండములలోని రాళ్ళు, చెవికి పెట్టుకొన్న యంత్రము కూతవేయుట, అఱువదియైదేండ్లు నిండినవారికి ప్రభుత్వమిచ్చు మెడికేర్ బీమా ఏ మందునకు వర్తించును, ఏ మందునకు వర్తింపదు అను శాస్త్రచర్చ. ఆపై ఎవరును తెచ్చిపెట్టకుండగనే, రెండవ వరుసలో వెనుకనుండి రక్షించువాడెవడు అను ప్రశ్న మఱల వచ్చి కూర్చుండును.

పైకి ఇది వృద్ధుల చాదస్తముగా కనబడును. కాని వ్యాధిని చెప్పుకొనుటకు మనుష్యునకు ఎన్ని చోట్లున్నవో విచారింపుడు. భార్యతో చెప్పినచో ఆమె భయపడును. ఆ భయమును చూచి తాను రెట్టింపు భయపడును. దూరదేశమునందలి పిల్లలతో చెప్పినచో వారు విమానపు టికెట్ల ధరలు చూడసాగుదురు. వైద్యునితో చెప్పినచో అది అంకెలుగా మాఱి కాగితమెక్కును. ఈ బల్లయొద్ద మాత్రము వ్యాధి ఒక వార్త. ఆటగాని గాయమును ఏ స్వరముతో చెప్పుదురో, తమ గాయమును అదే స్వరముతో చెప్పుదురు: ఎచ్చట తగిలినది, ఎన్ని వారములు పట్టును, ఎప్పటికి తిరిగి వచ్చును. జాలిని కోరుట లేదు, దాచుటయు లేదు. వినువారును ఓదార్పు మాటలకై వెదకుకొనరు. ఆ శస్త్రచికిత్స తమకు తెలిసినవానికి బాగుగనే జరిగినదని చెప్పి కాఫీ త్రాగుదురు. తన శరీరము తనను వంచించుచున్నదను ఏకాంతదుఃఖము, జట్టు విశేషముల నడుమ ఒక విశేషమై కూర్చుండగానే, భరింపదగిన పరిమాణమునకు తగ్గిపోవును.

మన తెలుగు దేశమున ఇందుకు భిన్నమైన ఆచారమున్నది. మనవారు గడప దాటకముందే ఒంట్లో ఎట్లున్నదని అడుగుదురు; ఆ ప్రశ్నకు సవిస్తరముగా సమాధానము చెప్పుట మర్యాద, విని తమకు తెలిసిన కషాయమును సూచించుట అంతకంటె మర్యాద. నాతోటి తెలుగువారు ఇచ్చట కలిసినపుడును ఈ సంప్రదాయమే సాగుచున్నది. కాని ఈ మినసోటా పెద్దలు, ముఖ్యముగా మగవారు, అడిగిన వెంటనే చెప్పు స్వభావముగలవారు కారు. కుశలమడిగినచో బాగుగనున్నానందురు, అంతటితో తలుపు మూసికొనును. వారి గుండెకు సింహద్వారమునుండి మార్గము లేదు. జట్టును గూర్చి అరగంట మాటలాడిన పిమ్మట పెరటి తలుపు దానంతటదియే తెఱచుకొనును. ఈ రెండు పద్ధతులలో ఏది మేలని నిర్ణయింపజాలను గాని, రెండవదానిలో మనుష్యుడు తన బలహీనతను బయటపెట్టుకొన్నానను సిగ్గు పడక గౌరవముతో ఇంటికి పోవుననునది నేను చూచిన సత్యము.

శరీరమును గూర్చిన ఈ వివేకము వారికి వారి పాత శిక్షకునివలననే కొంత అబ్బియుండునని నా ఊహ. జాన్ గాలియార్డి 1953లో సెయింట్ జాన్స్‌కు వచ్చి 2012 వఱకు అచ్చటనే శిక్షణ ఇచ్చెను. ఆయన తన జీవితమున గెలిచిన ఆటలు 489. కళాశాలా ఫుట్‌బాల్‌లో ఏ శిక్షకుడును అన్ని గెలువలేదు. నాలుగు జాతీయ విజయములలో కడపటిది 2003లోనిది. వరుసగా 55 ఆటలు గెలిచియున్న మఱియొక కళాశాల, మౌంట్ యూనియన్‌ను నాడు ఆయన జట్టు 24–6తో ఓడించినది. ఇంత సాధించినవాడు అభ్యాసమున ఒకరినొకరు పడద్రోసికొనుటను నిషేధించెను, ఈల ఊదలేదు, గురువుగారని పిలువవలదు, జాన్ అని పేరుపెట్టి పిలువుమనెను. దేహమును హింసించుటయే పౌరుషమని తక్కిన శిక్షకులు తలంచిన కాలమున ఆయన, శనివారమున పనికిరావలసిన మోకాటిని మంగళవారమున ఏల విఱుగగొట్టుకొనవలెనని భావించినట్లు కనబడును. 2016లో ఐవీ లీగ్ అను ప్రఖ్యాత విశ్వవిద్యాలయముల కూటమి శిక్షకులు ఆటలు సాగు కాలపు అభ్యాసములనుండి ఇట్టి పడద్రోతను తొలగింప నిశ్చయించునప్పటికి ఆయన మార్గమునకు అర్ధశతాబ్దము వయస్సు నిండినది. ఆయన 2018లో, తన తొంబదియొకటేండ్ల వయస్సున, కన్నుమూసెను.

అయినను ఇందొక చిక్కు లేకపోలేదు. నేడు మనము చప్పట్లు కొట్టి మెచ్చుకొనుచున్న ఢీకొనుటలే రేపటి కీళ్ళనొప్పులు. శిరస్సునకు తగిలిన దెబ్బల ఫలితము కొన్ని దశాబ్దములకు గాని తెలియదని వైద్యులు హెచ్చరించుచునేయున్నారు. ఒకప్పుడు తామును ఆ మైదానమున ఆడినవారు ఆ బల్లయొద్ద ఉన్నారు; వారి నడకలోనే ఆ ఆటల లెక్క వ్రాసియున్నది. తమ మోకాళ్ళకు చింతించుచు పరుల మోకాళ్ళను పణముగా చూచి ఆనందించుట న్యాయమాయని నేనొకసారి అడిగితిని. ఆడినవాడొకడు కొంత ఆలోచించి, తనకు మఱల పందొమ్మిదేండ్లు ఇచ్చినచో మఱల ఆడుదుననియు, తన మనుమడు ఆడుదునన్నచో నిద్రపట్టదనియు చెప్పెను. ఆ రెండు వాక్యములకును పొత్తు కుదుర్చుటకు ఆయన యత్నింపలేదు, నేనును యత్నింపను.

ఆట లేని మాసములలో మానక తిరుగాడు ప్రశ్న యొకటి కలదు: రాబోవు ఏట తిరిగి వచ్చువారెందఱు? నిరుడు ఆడినవారిలో చదువు ముగించి పోవువారు పోగా మిగులువారి లెక్కపైననే ఆశలన్నియు ఆధారపడియుండును. జట్టు నాలుగేండ్లకొకసారి పూర్తిగా క్రొత్తదగును. దాని వయస్సు మాత్రము ఎన్నడును ఇరువదిరెండు దాటదు. చూచువాడు అట్లు కాడు. అదే ఆసనమున కూర్చుండి ఎన్నియో తరముల యౌవనమును సాగనంపుచు తానొక్కడే ముసలివాడగును. కనుక తిరిగి వచ్చువారెందఱను ప్రశ్న జట్టును గూర్చి పైకి అడుగబడుచున్నను, బల్లచుట్టునున్నవారిని గూర్చియు లోలోపల అడుగబడుచున్నది. 2020లో మహమ్మారివలన ఆ శరత్తున డివిజన్ త్రీ జాతీయ పోటీ రద్దుపడినపుడు ఈ రెండు ప్రశ్నలును ఒక్కటే అయిపోయినవి. ఆట వార్తయు ఆరోగ్యపు వార్తయు వేఱుచేయ వీలులేకపోయెను. అట్టి ప్రశ్నను ముఖాముఖిగా ఎవడడుగగలడు? ఎవడు సమాధానము చెప్పగలడు? కుడిప్రక్క ఆడువాడు ఈ యేడు ఉండునాయని అడుగుట ఎవరికైనను సాధ్యమే.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి ఆట ఒక మిష మాత్రమేయనియు, అసలు సంగతి స్నేహమనియు తేల్చివేయుట సులభము. నేను అట్లు తలంపను. మిషయని తెలిసిన మిష పనిచేయదు. ఆ పెద్దలు జట్టును గూర్చి నిజముగానే ఆరాటపడుదురు. రెండవ వరుస రక్షకుని విషయమున నిజముగానే కలహింతురు. ఓడినచో ఆ రాత్రి వారికి నిజముగానే అన్నము సయింపదు. ఆ ఆసక్తి నటనయైనచో, దాని చాటున చెప్పుకొను వ్యాధులు మఱల వట్టి వ్యాధులై, ఆ బల్ల ఆసుపత్రి వసారాగా మాఱిపోవును. ఇద్దఱు మనుష్యులు ఒకరినొకరు సూటిగా చూచుకొనుచు చిరకాలము కూర్చుండజాలరు. ఇద్దఱును కలిసి చూచుటకు మూడవది యొకటి కావలెను. అది ఎంత చిన్నదైనను చాలును, లోకమున దానికి విలువ లేకపోయినను చాలును. కాని దానిని ప్రేమించుట మాత్రము కల్లకారాదు. వార్ధక్యమునకు ధనము కూడబెట్టుకొనుడని యువకులకు హితము చెప్పువారు చాలమంది కలరు. నలుగురితో కలిసి అకారణముగా ప్రేమింపదగిన అల్పవిషయమొకటి కూడ సంపాదించుకొనుడని నేను వారికి చెప్పుదును. మోకాళ్ళు నొచ్చు కాలమున దాని అక్కఱ తెలియును.