లక్కమ్మ నేర్పిన ఇంటిచదువు



పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుని ఆశ్రయించిన శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు ప్రసిద్ధులు. కన్నడమున అక్కి యనగా బియ్యము. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోడనే వారి యింట దాసోహము జరుగుచుండెడిది. ఒకనాడు మారయ్య శరణుల గోష్ఠిలో మునిగి తన కాయకమును మరచెను. వేళ మించుచున్నదని లక్కమ్మ గుర్తుచేసెను. ఆతడు పరుగున వెళ్ళి, నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చెను. ఆమె సంతోషింపలేదు. నేటికి చాలినదే మనదని, మిగిలినదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఇది శరణుల కథలలో చెప్పబడు వృత్తాంతము.

ఇందు లక్కమ్మ చేసిన పనులు రెండు, చేయని పని యొకటి. వేళను గుర్తుచేసెను. మితమును నిలిపెను. భర్తకు బదులుగా తాను పోయి గింజలు ఏరలేదు. బడికి పోవు పిల్లలున్న ప్రతి గృహమునకును ఈ మూడు సూత్రములు చాలును. పిల్లలకు చదువే కాయకము. బడిలో హోంవర్కు అని యిచ్చునది ఆ కాయకములో ఇంటివంతు.

మొదటిది వేళ. దీని విలువ గోదావరి డెల్టా రైతునకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. ధవళేశ్వరమున 1847లో మొదలై 1852లో పూర్తియైన ఆనకట్ట నదీజలమును కాలువల కెక్కించినది. అయినను దాళ్వాలో నీరు తగ్గినపుడు వంతులవారీగా వదలుదురు. తన వంతునాడు మడి తడుపుకొననివాని చేను బెట్టకు వచ్చును. పిల్లవాని మనస్సును అట్టి చేనే. బడినుండి వచ్చి, కాళ్ళు చేతులు కడిగికొని, ఏదైన తిని, కొంతసేపు ఆడుకొనిన పిమ్మట, దీపము పెట్టువేళ పుస్తకము తీయుట నియమము కావలెను. అరుగు మీదనో, నడవలోనో ఒక చాప, ఒక దీపము, నిత్యము అదియే చోటు. ఉదయము ఇష్టలింగ పూజకు వేళ తప్పని యింట సాయంకాలము చదువునకును వేళ తప్పరాదు. ఆ సమయమున టెలివిజన్ మ్రోగరాదు. సెల్‌ఫోను తండ్రి చేతిలోను ఉండరాదు.

రెండవది మితము. 2020లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పాఠశాల సంచి విధానము రెండవ తరగతివరకు ఇంటిపని వలదన్నది. మూడు మొదలు ఐదు తరగతులవారికి వారమునకు రెండు గంటలు, ఆరు మొదలు ఎనిమిది తరగతులవారికి దినమునకు ఒక గంట, ఆపై తరగతులవారికి రెండు గంటలు మించరాదన్నది. రాత్రి పదింటివరకు పసివానిని కూర్చుండబెట్టి, నిద్రకు తూలుచున్నవానిని కొట్టి వ్రాయించుట చదువు కాదు. అది చదువుపై ద్వేషమును నాటుట. వారము పనినంతటిని ఆదివారము రాత్రికి ప్రోగుచేయుటయు అట్టిదే. ఏనాటి గింజలు ఆనాడే యేరవలెను.

మూడవది, పిల్లల పనిని పెద్దలు చేయకుండుట. కొందరు చదువుకొనిన తల్లిదండ్రులు ముద్దుచేతనో తొందరచేతనో తామే లెక్కలు చేసి యిత్తురు. తప్పులున్న పుస్తకమును చూచిన ఉపాధ్యాయుడు బిడ్డ ఎక్కడ తడబడినదో గ్రహించి దిద్దగలడు. తండ్రి వ్రాసిన తప్పులేని పుస్తకము ఆయనకు ఏమియు చెప్పదు. ఒకరి కాయకమును మరియొకరు చేసినచో ఫలము ఇరువురికిని దక్కదు.

నాట్లనుండి అలసి వచ్చిన తల్లి, తనకు అక్షరము రాదు, తానేమి చెప్పగలనని కుంగవలదు. ఆమె పాఠము చెప్పవలసిన పనిలేదు. ఆకుకూర ఏరుకొనుచు బిడ్డ ప్రక్కన కూర్చుండి, "ఈ దినము ఏమి నేర్చితివి? చదివి వినిపింపుము" అన్నచో చాలును. వినువారున్న యింట చదువువారు పుట్టుదురు.

ఇంకొక మాట. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిరి. నేడు మన ఆడపిల్లలు బడికి పోవుచున్నారు. కాని సాయంకాలము అన్నకు పుస్తకము, చెల్లెలికి అంట్లు అను గృహములు నేటికిని గలవు. లక్కమ్మ స్వయముగా వచనములు రచించిన శరణి. స్త్రీకి అనుభవగోష్ఠిలో పీట వేసిన బసవన్న మార్గమున నడచువారు తమ కూతురికి చాపమీద చోటు లేదనవచ్చునా? అంట్లు ఇరువురును తోముదురుగాక, పుస్తకము ఇరువురును పట్టుదురుగాక.

దీనికి ధనము అక్కరలేదు, ట్యూషను అక్కరలేదు. ఒక వేళ, ఒక మితము, ప్రక్కన ఒక పెద్దదిక్కు కావలెను. శుభదినము కొరకు ఎదురుచూడవలదు. నేటి దీపము వేళనే చాప పరువుడు.